నలభై మూడు బుడగలు

ఒంటి వేడి అంట. ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నప్పటి నుంచీ శోభ తలలో ఆ రెండు మాటలే తిరుగుతున్నాయి. నా ఒంటి వేడి అంట. పదకొండేళ్లు ఆ కంపెనీ విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌గా పనిచేసి, ముక్కూ మొహం తెలియని వాళ్ల పిల్లల వాంతులు ఎత్తిపోసి, తాగి తూలేవాళ్లను సార్ సార్ అని బుజ్జగించి కూర్చోబెట్టి, కాళ్లు వాచి బూట్లు పట్టకపోయినా నవ్వు చెదరనీయకుండా నిలబడితే, చివరికి తప్పు తన ఒంటిదని తేల్చారు. ఒళ్లోని సంచిలో ఆ ఉత్తరం ఉంది. మొదటి పేజీలో ఆరు వాక్యాలు, ఆరూ కంఠస్థమే. మీరు ధరించిన పరికరం శరీర ఉష్ణం వల్ల వాస్తవం కన్నా ఎక్కువ చూపినందున ఆ ప్రయాణపు కొలతను రద్దు చేస్తున్నాము, అని అందులో ముఖ్యమైన ముక్క. రెండో పేజీ బెంగళూరు ల్యాబ్‌ది. దాని అడుగున సంతకం, కె. లక్ష్మీనారాయణ. ఆ మనిషి ఇప్పుడు రిటైరై సొంతూరు ఎమ్మిగనూరులో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. బస్సు దిగి, ఇల్లు వెతుక్కుని, ఆ సంతకం మీద వేలు పెట్టి అడగాలి. వారం రోజులుగా కూడబలుక్కుంటున్నా ఆ అడగవలసిన వాక్యం మాత్రం కుదరడం లేదు. ఒకసారి మరీ మెత్తగా వస్తుంది, ఇంకోసారి తిట్టు తప్ప ఏమీ రాదు.

పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అమ్మ హుసేనమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. “పోయేది పోయింది. ఇంగ ఆయప్ప ఇంటికి పోయి ఏం సేస్తావే?”

“కొట్లాడతా.”

“కొట్లాడి?”

“ఏమో మ్మా. ముందు కొట్లాడనీ.”

బస్సు ఊరు దాటింది. పత్తి లారీ ఒకటి ఎదురొచ్చి పోతే బస్సులోకి దూది పింజలు నాలుగు ఎగిరి వచ్చాయి. ఒకటి ముందు సీటు ముసలాయన తలపాగా మీద వాలింది. శోభ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఉత్తరంలో పరికరం అన్న ఆ గొట్టంలో బుడగ కూడా ఇంతే ఉంటుంది, ఇంతకన్నా చిన్నది, ఆవగింజంత. వేలెడు పొడవు గొట్టం, లోపల గాజులా తేటగా కనిపించే జిగురు, ఆ జిగురు నిండా కంటికి ఆనని చుక్కలు. రేడియేషన్‌లో ఉండే న్యూట్రాన్ అనే కణం వచ్చి చుక్కకు తగిలితే అది పొంగి బుడగవుతుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు, అక్షరం ముక్క రానివాళ్లు కూడా వెలుతురుకు ఎత్తి పట్టుకుని లెక్కపెట్టుకోవచ్చు. లెక్క రాసుకున్నాక మూత బిగిస్తే బుడగలు మళ్లీ చుక్కలైపోతాయి. ఇదంతా ఆమెకు నేర్పింది ఆ లక్ష్మీనారాయణే. ధ్రువం మీదుగా పోయే పొడుగు విమానాల్లో పనివాళ్లకు ఎంత రేడియేషన్ తగులుతోందో ఆరు నెలలు కొలిచి చూస్తామని కంపెనీ అన్నప్పుడు, ఢిల్లీలో ఒక గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పడానికి ల్యాబ్ వాళ్లు ఆయన్ను పంపారు. పొట్టిగా, చేతుల మీద రసాయనాల మచ్చలతో, మాసిన కళ్లజోడుతో వచ్చాడు. రోదసిలో నెలల తరబడి ఉండేవాళ్ల దగ్గర కూడా ఇట్లాంటివే పెడతారు, పైకి పోయేకొద్దీ గాలి పలచనై అడ్డం తగ్గుతుంది, విమానం రేకు ఈ కణాలకు ఒక లెక్కే కాదు, అని ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ, ఒక గొట్టం చేయిజారబోతే, “అయ్యో నీ పాసుగాల” అని సీమ యాసలో తిట్టుకున్నాడు. శోభ పక్కుమంది. టీ తాగే వేళ ఆయన దగ్గరకు వెళ్లి మీదేవూరు సార్ అని అడిగింది. ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు, సొసైటీలో మెంబరు. మరి నీదమ్మా? ఆదోని సార్, అసలుకు తుగ్గలి పక్కన పల్లె. ఇంత దూరం వచ్చి మనోళ్లను సూసినాను పో, అని ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగే ఇప్పుడు మంట పెడుతోంది. ఎవడో పరాయివాడు సంతకం పెట్టి ఉంటే ఇంత మండేది కాదు.

రోదసిలోకి పోయేవాళ్ల గొట్టంలో ఒక్క బుడగ ఎక్కువైతే ఎంతమంది లేచి నిలబడతారో! డాక్టర్లు, ఇంజనీర్లు, ఊరంతా స్క్రీన్ల ముందు. మేం రోజూ పోయేది దాంట్లో సగం దారి కాకపోవచ్చు, ముక్క దారి కావచ్చు, కానీ నెలకు ఎన్నిసార్లు పోతాం, ఎన్నేళ్లు పోతాం? టీ కప్పులు పట్టుకుని పోతాం కాబట్టి మా గొట్టానికి జ్వరం వచ్చిందంటారు. శోభ తనకు తెలియకుండానే తల విదిలించింది. పక్క సీటులో కూర్చున్న ఆమె ఏమ్మా అన్నట్టు చూసింది. ఏం లేదన్నట్టు నవ్వింది శోభ. ఆ నవ్వు కూడా ఉద్యోగం నేర్పిన నవ్వే, అడగకుండానే వచ్చేస్తుంది. పాడు నవ్వు.

లెక్కలో ఆమె పొరబడదు. చిన్నప్పుడు తొలకరి పడిందంటే చాలు, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతికేవాళ్లు. అమ్మ కొంగు నడుముకు చుట్టి ముందు పోతుంటే శోభ వెనకే తడి మట్టిలో కళ్లు పెట్టి నడిచేది. వజ్రం దొరకలేదు గానీ, మెరిసే రాయికీ మెరిసే గాజుపెంకుకూ తేడా చూసే కన్ను మాత్రం వచ్చింది. ప్రతి విమానం దిగాక హోటల్ గదిలో కిటికీ పక్కన నిలబడి గొట్టం తిప్పి తిప్పి మూడుసార్లు లెక్కపెట్టేది. పది. ఇంకో ప్రయాణానికి పన్నెండు. తొమ్మిది. పదకొండు. కాగితంలో రాసి, సంతకం చేసి, గొట్టంతో పాటు కవరులో పెట్టి ఇచ్చేసేది. మీ లెక్క ఒకరికొకరు చెప్పుకోకండి, చెప్పుకుంటే ప్రయోగం చెడిపోతుంది, అని కంపెనీ ముందే ఒక కాగితం మీద సంతకాలు తీసుకుంది. ఎంత బుద్ధిగా పాటించింది! పక్కనే నిలబడి భోజనాలు సర్దుతూ అక్కా అక్కా అని వెంట తిరిగే నంద్యాల పిల్ల ప్రమీలను, ఒక్కనాడు కూడా నీకెంత వచ్చిందే అని అడగలేదు. బడిలో పక్కవాళ్ల పలక చూడొద్దంటే చూడని పిల్లలా.

కొలత రద్దు చేసిన ఆ ప్రయాణం రోజు ఆకాశం పూచినట్టు ఉంది. ధ్రువం దగ్గరికి వచ్చేసరికి కిటికీల బయట ఆకుపచ్చ, దాని మీద ఎరుపు, తెరలు తెరలుగా కదులుతోంది. ప్రయాణికులంతా దుప్పట్లు తోసేసి ఫోన్లు పట్టుకుని కిటికీలకు అతుక్కుపోయారు. ఒక ముసలామె శోభ చేయి పట్టుకుని, ఇది చూడటానికే బతికి ఉన్నానమ్మా అంది. శోభ కూడా చూసింది. సిగ్గు లేకుండా ఆనందించింది. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటం జరిగిందనీ, ఆ అందమంతా దాని తాకిడేననీ, ఆ పూట కొన్ని విమానాలు దారి మార్చుకుని దక్షిణంగా, కిందికి దిగి పోయాయనీ తర్వాత తెలిసింది. తమది మాత్రం అదే దారిన, అదే ఎత్తున పోయింది. దిగాక గొట్టం వెలుతురుకు ఎత్తి చూసింది. పూసలు పోసినట్టు బుడగలు. మూడుసార్లు కాదు, అయిదుసార్లు లెక్కపెట్టింది. నలభై మూడు. అయిదుసార్లూ నలభై మూడే.

అప్పటికే కడుపులో బిడ్డ ఉందని ఆమెకు తెలియదు. వారానికి తెలిసింది. తెలిసిన రోజే కంపెనీకి చెప్పింది, రూలు ప్రకారం విమానాల్లోంచి దింపేశారు, ఇంట్లో కూర్చుంది. తొమ్మిదో వారంలో పోయింది. డాక్టరమ్మ మంచిది, చేయి పట్టుకుని చెప్పింది, ఈ నెలల్లో పోవడం చాలామందికి జరుగుతుంది, కారణం ఇదీ అని ఎవరూ చెప్పలేరు అని. భర్త మహేశ్వర్ మూడో రోజు, మళ్లీ కనొచ్చులే శోభా అన్నాడు. మంచి మాటే అనుకుని అన్నాడు. ఆ విమానమే తన బిడ్డను తీసుకుపోయిందని ఆమె ఎవరితోనూ అనలేదు, తనలో తాను కూడా అనుకోలేదు, అనుకోవాలని ఉన్న రోజుల్లో కూడా పళ్లు బిగించి అనుకోలేదు. అడిగింది ఒక్కటే. ఆ రోజు నాకు తగిలింది ఎంతో కాగితం మీద రాసివ్వండి, నా ఆరోగ్యం ఫైలులో పెట్టండి. ఇంతే కదా! దానికి కంపెనీ డాక్టరు వీడియో కాల్‌లో, కుర్చీలో వెనక్కి వాలి, తియ్యగా ఒక ప్రశ్న వేశాడు. నెల తప్పిన కొత్తలో ఒళ్లు కొంచెం వెచ్చబడుతుంది కదండీ, మీరు పరికరాన్ని లోపలి జేబులో పెట్టుకున్నారు కదా?

అదీ. అక్కడ మండింది. తనకే తెలియని బిడ్డ వెచ్చదనాన్ని పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పించారు, అదీ ఆ బిడ్డ తల్లి మీదే. లేని బిడ్డ మాట్లాడలేదని కదా. శోభ కిటికీ ఊచను ఎంత గట్టిగా పట్టుకుందంటే అరచేతికి తుప్పు అంటింది. కోటేకల్లు, కోటేకల్లు దిగేవాళ్లు, అని కండక్టరు అరిచాడు. ఎవరో టమోటా గంప దించుకుంటుంటే రెండు పళ్లు దొర్లి సీట్ల కిందికి పోయాయి. నాన్న బసప్ప పత్తికొండ మార్కెట్లో ట్రాక్టరు పక్కన నిలబడ్డ రోజు కళ్లముందుకు వచ్చింది. కొనేవాడు పైపైన రెండు పళ్లు పిసికి, అంతా మెత్తబడిందప్పా అని గంపను కాలితో తోశాడు. అడుగున రాయిలాంటి పళ్లున్నాయని నాన్నకు తెలుసు, పదేళ్ల శోభకూ తెలుసు. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడే గానీ నోరు విప్పలేదు. ఎందుకు సెప్పలా నాయనా, అడుగున సూడమని ఎందుకు సెప్పలా, అని ఇంటిదాకా ఏడ్చింది. వాళ్లతో మనకు మళ్లీ పని ఉంటాదమ్మా, అన్నాడాయన. ఆ పని ఉంటుందనే మాటే ఆమె పదకొండేళ్లు మోసింది. చాలు.

ఎమ్మిగనూరులో దిగి ఆటో మాట్లాడుకుంటే నేతపనివాళ్ల వీధి చివర దింపాడు. రెండు మూడు ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వస్తోంది. లక్ష్మీనారాయణ అరుగు మీద బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమెను చూసి కళ్లజోడు సర్దుకుని, లేచి నిలబడ్డాడు.

“ఆదోని అమ్మాయివి గదా! రా తల్లీ, కూర్సో. ఏమే, నీళ్లు తే లోపల్నుంచి.”

శోభ కూర్చోలేదు. కుదరని వాక్యం కుదరనే లేదు. ఉత్తరం రెండో పేజీ తీసి ఆయన మొహం ముందు పట్టింది.

“ఈ సంతకం మీదేనా సార్?”

ఆయన చూశాడు. “నాదే.”

“నా ఒంటి వేడికి గొట్టం చెడిపోయిందని రాసినారా మీరు? కడుపుతో ఉండే ఆడమనిషి ఒళ్లు కాలి బుడగలు లేసినాయని? మనోళ్లు మనోళ్లు అని నవ్వితిరి గదా ఆ పొద్దు. ఇదేనా?” గొంతు వీధి చివరకు వినిపించేంత లేచింది. ఎదురింట్లో మగ్గం ఆగింది. ఆగనీ.

“అట్ల రాయలేదమ్మా. సదువు, మొత్తం సదువు.” ఆయన వేలు కాగితం మీద నడిచింది. “పరికరం పరిమితికి మించిన వేడి తగిలితే లెక్క పెరగవచ్చు. ఇదీ నేను రాసింది. ఏ గొట్టానికైనా రాసే మాట. దీనికి పైన ఇంకో పేరా ఉండాల. గొట్టం సరిగ్గా ఉండాది, ముప్పై ఏడు డిగ్రీల నీళ్లలో పెట్టి మూడు తూర్లు పరీక్ష చేసినాను, లెక్క మారలేదు అని. దాన్ని కోసేసినారు.”

“ఒంటి వేడికి మారదా?”

“మారేట్లయితే జేబులో పెట్టుకోమని ఎట్ల ఇస్తామమ్మా?”

“మరి ఆ రెండో మాట ఎందుకు రాసినారు?”

ఆయన కిందికి చూశాడు. “రాయమన్నారు. అబద్ధం కాదు గదా అనుకున్నా. రిటైరు అయ్యేకి రెండు నెల్లుండె. ఎందుకు రాయమంటాండారో తెలుసు. తెలిసే రాసినా.”

నీళ్ల చెంబు వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. శోభకు ఆయన్ను ఇంకా తిట్టాలని ఉంది, మాటలు కూడా ఇప్పుడు బాగా వస్తున్నాయి. కానీ ఆయన తల వంచుకునే ఉన్నాడు. నలభై మూడంటే ఎంత సార్, అని అడిగింది చివరికి. మామూలు ప్రయాణానికి నాలుగింతలు, అన్నాడు. అది పెద్ద ప్రమాదమని నేను సెప్పలేను, ఏమీ కాదని గూడా సెప్పలేను, అని ఆయనే మళ్లీ అన్నాడు. అది డాక్టర్లు చూసుకుంటారు లెండి, గొట్టం సూపించింది నిజమా కాదా, ఆ ఒక్కటి సెప్పండి, అంది. నిజమేమ్మా, అన్నాడు లక్ష్మీనారాయణ. ఆ మాట విన్నాక ఏదో తేలికవుతుందని ఆమె నెలల తరబడి అనుకుంది. ఏమీ కాలేదు.

అప్పుడు ఆయన, ఎవరో లోపలి నుంచి తోసినట్టు, “ఐదుకు ఐదూ నిజమే” అన్నాడు.

“ఏ ఐదు?”

“ఆ పొద్దు మీ విమానంలో నుంచి ఐదు గొట్టాలొచ్చినాయి. నలభై ఒకటి, నలభై మూడు, నలభై నాలుగు, ముప్పై తొమ్మిది, ఇంకోటి నలభై రెండు. అన్నీ ఒక్క తీరుగనే ఉండాయి. నీకు తెలీదా?”

శోభకు తెలియదు. ఉత్తరంలో మీ పరికరం అనే ఉంది, ఎక్కువ చూపింది తన ఒక్కదానిదే అని తెలియకుండానే నమ్మింది. ఆ విమానంలో గొట్టాలు పెట్టుకున్న వాళ్లు ఒక్కొక్కరే కళ్లముందు నిలబడ్డారు. ప్రమీల. వెనక క్యాబిన్‌లో ఇద్దరు ముంబై అమ్మాయిలు. మంత్రాలయం అర్చకుల ఇంటి సుధన్వ, ఆరడుగుల మనిషి, రోజూ జిమ్ముకు పోతాడు.

“సుధన్వకు గూడా నెల తప్పిందేమో కనుక్కోండి సార్ మరి,” అంది. అని, తానే పెద్దగా నవ్వింది, నవ్వు మధ్యలో విరిగి ఏడుపైంది. ఏడుస్తూనే అరుగు మీద కూలబడి ఫోను తీసింది.

ప్రమీల మొదటి రింగుకే ఎత్తింది. శోభ ముందు వెనకలు లేకుండా అడిగేసింది.

“నలభై ఒకటి అక్కా. నేను ఓవెన్ పక్కన పెట్టి మర్చిపోయినానంట. నిర్లక్ష్యం అని మెమో ఇచ్చినారు. పెట్టలేదక్కా, ఒట్టు. సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు. నాది ఒక్కదానిదే అనుకున్నా.”

“నేను గూడా అట్లనే అనుకున్నా,” అంది శోభ.

లక్ష్మీనారాయణ లోపలికి పోయి తెల్ల కాగితాలు తెచ్చి, ఒళ్లో పేపరు మడిచి పెట్టుకుని దాని మీద రాయడం మొదలుపెట్టాడు. మూడు పరీక్షలూ, తేదీలూ, ఐదు గొట్టాల నంబర్లూ అన్నీ ఆయనకు గుర్తున్నాయి. మధ్యలో కలం ఆపి, ఇది బయటికి పోతే నన్ను గూడా కోర్టుకు లాగుతారమ్మా, అన్నాడు. లాగనీండి సార్, ఆడ గూడా ఇదే సెప్పండి, అంది శోభ. ఆయన ఒకసారి ఆమె వైపు చూసి, తల ఊపి, మళ్లీ రాయసాగాడు. ఎదురింటి మగ్గం మళ్లీ కదిలింది. ముంబై అమ్మాయిల్లో ఒకామె ఎత్తలేదు. ఇంకొకామె విమానంలో ఉందట, ఫోను ఆపేసి ఉంది. ఈ పూట ఏ దారిన పోతోందో, ఎంత ఎత్తునో. శోభ సుధన్వ నంబరు నొక్కింది.

“చెప్పండి శోభా.”

“ఆ ఎర్ర ఆకాశం రోజు, నీ గొట్టం ఎంత చూపించింది సుధన్వా?”

అటువైపు తలుపు మూసిన చప్పుడు. తర్వాత అతని గొంతు బాగా తగ్గింది. “మీరు ఎవరికీ చెప్పరు కదా?”

“అందరికీ చెప్తాను,” అంది శోభ. “నువ్వు ఎంతో చెప్పు.”